బగ్గీ టీచర్ గురువారాలు

"చేతులు కడుక్కున్నవా?"

ఎవరు ఎదురుపడ్డా ఆవిడ నోట మొదట వచ్చే మాట ఇదే. నమస్కారం, కుశలప్రశ్నలు ఆ తరవాత. కారు దిగిన నిర్మాతని అడిగేది, ఆ కారు తోలుకొచ్చిన డ్రైవర్ని అడిగేది. ఒకసారి పూజ సామాను పట్టుకుని వచ్చిన పురోహితుణ్ణి కూడా అడిగింది. ఆయన మడి కట్టుకుని ఉన్నాడేమో, ముఖం కందగడ్డలా చేసుకున్నాడు. అయినా కుళాయి దగ్గరికి వెళ్లి కడుక్కునే లోపలికి వచ్చాడు.

పోయిన వారం డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడి ఉన్నాను. అద్దం అవతల కూర్చున్న సౌండు కుర్రాడు, "మేడం, బగ్గీ టీచర్ లేరూ, షేక్‌పేట మ్యూజియం ఆవిడ, పోయారటండీ" అన్నాడు. తెర మీద హీరోయిన్ నవ్వుతోంది. ఆ నవ్వు నేను పూర్తి చెయ్యాలి. చేశాను. బయటికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే, కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

నేను ఆవిణ్ణి మొదట చూసింది కూడా ఆ థియేటర్ గేటు దగ్గరే. సినిమా వాళ్లు మద్రాసు నుంచి ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు చేరుతున్న రోజులవి. నేనూ అలాగే వచ్చి శ్రీనగర్ కాలనీలో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాను. ఫిలింనగర్లో అప్పటికి ఇళ్లకన్నా బండలే ఎక్కువ. పొద్దస్తమానం ఎక్కడో ఒకచోట బండ పేలుస్తుండేవారు. మైకు ముందు నేను గుండెలవిసేలా ఏడుస్తుంటే బయట ఢామ్మనేది. మళ్లీ మొదటినుంచి ఏడవాలి. బెజవాడ దాన్ని, సహనం తక్కువ. టీ తాగే మిషతో బయటికొచ్చి ఆ బండలవాళ్లని నాలుగు తిట్టి వెళ్లేదాన్ని.

ఆ రోజు అలా తిట్టి, టీ కుర్రాడితో "పంచదార తక్కువ వెయ్యి నాయనా" అన్నానంతే. గేటు పక్కన నిలబడిన ఒక పెద్దావిడ కళ్లు మూసుకుంది. గద్వాల నేతచీర, రబ్బరు చెప్పులు, చంకలో నల్ల గొడుగు, భుజాన గుడ్డసంచి.

"ఇంకోపారి అను బిడ్డా."

"ఏంటండీ?"

"గదే. చక్కెర తక్కువెయ్యమన్నవు గద."

అన్నాను. ఆవిడ కళ్లు తెరిచింది.

"నీ గొంతు నాకెర్కే. మొన్న సినిమాల అత్త ఇంట్లకెల్లి ఎల్లగొడితే ఏడ్చింది నువ్వే. నా పక్కన కూసున్న ముసలామె కొంగంత తడిసిపాయె."

ఎవరైనా గొంతు గుర్తుపడితే నేను ఏ హీరోయిన్‌కి చెప్పానో ఆవిడ పేరు చెప్పి నవ్వేసేదాన్ని. మా వృత్తిలో అదే మర్యాద. ఆ రోజూ అదే చేశాను.

"ఆమె పేరు నాకెందుకు? నీ పేరు చెప్పు."

చెప్పాను. హాజరు వేస్తున్నట్టు రెండుసార్లు పలికి చూసుకుంది. ఆడపిల్లల బళ్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరైందని తరవాత తెలిసింది. "చేతులు కడుక్కున్నవా? నడు, నీకొకటి చూపిస్త" అంది. తోడు పెళ్లికూతుర్ని తీసుకెళ్లినట్టు రెక్క పట్టుకుని తీసుకెళ్లింది. ఆ మధ్యాహ్నం నా కోసం ఒక హీరోయిన్ నోరు తెరుచుకుని తెర మీద ఎదురుచూసింది.

షేక్‌పేట నుంచి జూబిలీహిల్స్ ఎక్కే వాలులో ఉండేది ఆ మ్యూజియం. ఏదో పాతకాలపు కుటుంబం ఇచ్చిన ఇల్లు. ముందు గదుల్లో నాణేలూ కత్తులూ. వెనక పెరట్లో, టార్పాలిన్ కింద, మూడు బండ్లు. ఒకటి తలుపులూ మెట్టూ ఉన్న నాలుగు చక్రాల గుర్రపు బగ్గీ. రెండోది ఎడ్లబండి మీద వెదురు గూడు కట్టినది. మేం గూడుబండి అంటాం, ఆవిడ సవారి కచ్చురం అనేది. మూడోది పీపా బిగించిన నీళ్లబండి. టార్పాలిన్ నిండా చిల్లులు.

ఆ బండ్ల బాధ్యత నెత్తిన వేసుకున్న ఆవిడకి మ్యూజియం కమిటీ ఒక గడువు పెట్టింది. వచ్చే వానలకల్లా కప్పు వేయిస్తే బండ్లు ఉంటాయి. లేదంటే షూటింగులకి సామాను అద్దెకిచ్చే కంపెనీ వాళ్లు అడుగుతున్నారు, ఇచ్చేస్తారు. కంపెనీకి వెళితే బాగానే చూసుకుంటారు కదా అని కమిటీ పెద్దల ఉద్దేశం. షూటింగులో బండి గతేమిటో మాకు తెలుసు. ఫైటులో లోయలో పడాలి, క్లైమాక్సులో తగలబడాలి. ఆ రెండూ తప్పిన బండిని నేను తెర మీద చూడలేదు.

ఆవిడ చందా పద్ధతి విచిత్రం. డబ్బు ఊరికే తీసుకోదు. ఇచ్చేవాళ్లు మ్యూజియానికి రావాలి, చేతులు కడుక్కోవాలి, బండిని కాస్త ముందుకో వెనక్కో నెట్టి చక్రం పావువంతు తిరిగేలా చెయ్యాలి. తిరిగాక ఆవిడ సంచిలోంచి సుద్దముక్క తీసి చక్రం పైభాగాన ఒక గీత గీసేది. ఎందుకండీ ఈ తతంగం అంటే, "ఒక్క తీరుగ నిలవడితే బరువంత కిందికే వడ్తది. నేల చెమ్మకు కింది కట్టె కుళ్లుతది. మనుషులైనా గంతే గద, పక్క మార్చకుంటే పుండ్లయితయి" అనేది. చేతికి చెమటా నూనే ఉంటే కట్టె మీద రంగు పోతుందని కడుక్కోమనేది. మనిషి ఒకసారి చెయ్యివేసి నెట్టిన బండిని మళ్లీ మరిచిపోలేడని ఆవిడ నమ్మకం. అది మాత్రం ఎవరికీ చెప్పేది కాదు, నాకు చెప్పింది.

చందాలకి గురువారం తప్ప ఇంకో రోజు బయల్దేరేది కాదు.

"శుక్రవారం ఇంట్లకెల్లి లక్ష్మిని ఎవ్వలు బయటికి ఇయ్యరు. మీ సినిమాలు వచ్చేది గూడ శుక్రవారమే. గురువారం నాడు నిర్మాత పానం గుప్పిట్ల వెట్టుకోని ఉంటడు. గా దినం పున్నెం చేసుకుంటవా అంటే కాదంటడా?"

కాదనేవాళ్లు కాదు. అలా అని లోపలికి రానిచ్చేవాళ్లూ తక్కువే. ఒక హీరో ఇంటి గేటు దగ్గర కాపలావాడు "సారు లేరు" అన్నాడు. సారు మేడ మీద నుంచి మాట్లాడుతున్న గొంతు నాకు వినపడుతూనే ఉంది. గొంతుల విషయంలో నన్ను మోసం చెయ్యలేరు. ఆ మాటే ఆవిడతో అంటే, "ఫికర్ చెయ్యకు" అని ఎదురుగా ఉన్న బండ మీద గొడుగేసుకుని కూర్చుంది. సుద్దముక్కతో ఆ బండ మీద గేటు బొమ్మ వేసింది, గేటు వెనక మొరిగే కుక్క బొమ్మ వేసింది, కాపలావాడి మీసాలు వేసింది. వాడు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లి చెప్పాడు. చూడటానికి హీరోగారి తల్లి వచ్చింది. ఆ సాయంత్రం ఆ తల్లి చేతులు కడుక్కుని నీళ్లబండి నెట్టింది. మా ఊళ్లోనూ ఇలాంటిదే ఉండేదమ్మా అంటూ పీపాని నిమిరింది.

ఇలా చుక్కచుక్కగా చేరుతుండగా ఒక పెద్ద నిర్మాత కబురు పెట్టాడు. జూబిలీహిల్స్‌లో ఆయన ఇంటికి ఇద్దరం వెళ్లాం. వెండి గ్లాసుల్లో మజ్జిగ ఇచ్చారు.

"టీచర్ గారూ, కప్పు మొత్తం నేనే వేయిస్తానండీ. ఇనుప స్తంభాలు, రేకులు, గచ్చు, అన్నీ. బగ్గీ వరకే. ఆ రెండు డొక్కు బండ్లూ ఎందుకండీ? తీయించేస్తే నీటుగా ఉంటుంది."

"మూడు బండ్లు, ఒక్క కప్పు" అంది ఆవిడ.

"ఆలోచించుకోండి. వానలు దగ్గరికొచ్చేశాయి."

"ఆలోచించే చెప్తున్న నాయినా. మూడు బండ్లు, ఒక్క కప్పు. మజ్జిగ మంచిగున్నది."

దారి పొడుగునా నేను కడిగేశాను. ఇంటికొచ్చిన లక్ష్మిని మోకాలు అడ్డుపెట్టి ఆపారని, ముందు బగ్గీ దక్కితే మిగతావి తరవాత చూసుకోవచ్చని, మొండితనానికీ ఒక హద్దుండాలని. ఆవిడ నన్ను నేరుగా పెరట్లోకి తీసుకెళ్లింది. టార్పాలిన్ ఎత్తి, గూడుబండి లోపలి అంచుకి వరసగా ఉన్న చిన్న ఇత్తడి కొక్కేలు చూపించింది.

"గివి తెరలు గట్టేటియి. గీ కచ్చురం మాదే. మా ఇంట్ల ఆడివిల్లలు బడికి వోవుడు లేదు. మా అమ్మ ఏం జేసింది? బండికి సుట్టు తెరలు గట్టింది. మా అక్కింటికి వోతున్నమని నాయనమ్మకు చెప్పి, నన్ను దీస్కవోయి బడి కాడ దించింది."

"రోజూనా? ఆవిడ నమ్మిందా?"

"దినాం అక్కింటికి ఎవ్వలు వోతరు? నాయనమ్మకు తెల్వదా? తెలుసు. గాని తెరలున్నయి గద. కండ్లకు అవుపడకపోతే అడిగే పని లేకపాయె. గట్ల ఇద్దరాడోళ్లు గలిసి నన్ను చదివిపిచ్చిండ్రు. ఒకామె అబద్ధమాడి, ఒకామె అడుగక." కొక్కేన్ని వేలితో రుద్దింది. "బగ్గీల దొరలు దిరిగిన్రు. కచ్చురంల నేను దిరిగిన. నీళ్లబండి ఊరందరికి నీళ్లు వోసింది. బగ్గీ ఒక్కటే ఉంచితే, గీడ బతికింది దొరలే అనుకుంటరు రేపటోళ్లు."

అంతవరకూ ఊరంతా ఆవిడకి బగ్గీ పిచ్చి అనుకునేది. ఆ పేరు కూడా అందుకే వచ్చింది. తన బండి సంగతి ఆవిడ ఎవరి దగ్గరా ఎత్తలేదు, ఎత్తితే స్వార్థం అంటారని. నా కోపం అక్కడికక్కడ దిగిపోయింది. ఆవిడంటే నాకు ప్రేమ పుట్టింది ఆ పెరట్లోనే, అది ఇప్పటికీ పోలేదు.

ఆ తరవాత వచ్చాడు ఒక చిన్న నిర్మాత. బాకీ తీరక ల్యాబులో చిక్కుకున్న సినిమాని తల తాకట్టు పెట్టి విడిపించుకున్నాడు. గురువారం నాడు వణుకుతూ వచ్చి, చేతులు కడుక్కుని, బగ్గీ నెట్టి, ఉన్నదేదో ఇచ్చి వెళ్లాడు. శుక్రవారం విడుదలైన సినిమా జనం విరగబడి చూశారు. ఇంకేముంది. మన వాళ్ల సంగతి తెలిసిందే. ఎడమకాలు ముందుపెట్టిన వాడికి హిట్టు పడితే ఫిలింనగరంతా కుంటుకుంటూ ఎడమకాలితోనే నడుస్తుంది. పై గురువారానికి మ్యూజియం ముందు కార్లు బారులు తీరాయి. చందా డబ్బా నిండింది. మమ్మల్ని గేట్ల దగ్గర నిలబెట్టినవాళ్లంతా ఇప్పుడు మా గేటు దగ్గర నిలబడ్డారు. నాకు మహా సంబరంగా ఉండేది.

ఆ సంబరం ఎన్నాళ్లో సాగలేదు. ఒక గురువారం ఆవిడకి జ్వరం వచ్చి రాలేకపోయింది. కాపలాదారు మొహమాటస్థుడు, ఎవరినీ ఆపలేదు. మర్నాడు మేం వెళ్లేసరికి బగ్గీకి పసుపు పూసి ఉంది. చక్రం కింద నిమ్మకాయలు చితికి ఉన్నాయి. ఇరుసు మీద కొబ్బరికాయలు కొట్టారు, ఆ నీళ్లు కట్టె పగుళ్లలోకి దిగి చీమలు పట్టాయి. కాలు పెట్టే మెట్టు మీద ఎవరో కర్పూరం వెలిగించారు. ఎన్ని తరాల నాటిదో ఆ కట్టె, అరచేతి మేర బొగ్గయింది.

ఇది మా వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు. ఒక్కరూ చెడగొడదామని రాలేదు. అందరూ దణ్ణం పెట్టి చెడగొట్టారు.

ఆవిడ అరవలేదు. కింద చతికిలబడి, అవిసె నూనెలో గుడ్డ ముంచి, పగుళ్లలోని కుంకుమ తీయడం మొదలుపెట్టింది. చేతులు ఎర్రబడ్డాయి. నేను మాత్రం ఊరుకోలేదు. గేటుకి తాళం వెయ్యండి, ఒక్కడినీ రానివ్వద్దు, ఈ మూర్ఖులకి బండ్లెందుకు అని ఎగిరాను.

"తాళమేస్తే కప్పెవడు ఏస్తడు?" అంది తలెత్తకుండా. గుడ్డ మళ్లీ నూనెలో ముంచి, "ఆళ్లకు గావాల్సింది చక్రం. మనకు గావాల్సింది కప్పు. బగ్గీకి గావాల్సింది నిమ్మళం. మూడు గూడ దొరకాలె" అంది.

రెండు రోజులు ఎవరికీ కనపడలేదు. మూడో రోజు ఒక స్టూడియోలో సెట్లు వేసే వడ్రంగుల దగ్గర్నుంచి రిక్షాలో ఒక పెద్ద చక్రం దిగింది. ఏదో రాజుల సినిమా కోసం చేసినది. కొత్త కట్టె, పాతదిలా కనపడేట్టు రంగు. దాన్ని గేటు పక్కన రెండు రాళ్ల మధ్య ఇనుపకడ్డీకి తగిలించింది. తోస్తే గిర్రున తిరుగుతుంది. బగ్గీ చుట్టూ తాడు కట్టింది.

గురువారం వచ్చింది. వరసలో మొదట నిలబడినవాడు మజ్జిగ ఇచ్చిన పెద్ద నిర్మాతే. మర్నాడు ఆయన సినిమా విడుదల. పళ్లెంలో కొబ్బరికాయలు, పక్కన పురోహితుడు. ఆవిడ ఎదురెళ్లింది. ఏదో కథ అల్లుతుందనుకున్నాను. అల్లలేదు.

"ఇది కొత్తది నాయినా. సెట్టు కోసం చేసిండ్రు. అసలుది లోపలున్నది. దాన్ని చేతులు కడుక్కోని నెట్టు, గంతే. కొట్టుడు, కాల్చుడు ఉంటే దీనికి జెయ్యి."

నకిలీ చక్రానికి ఎవడు దణ్ణం పెడతాడు? ఇంకో వారంలో వానలు. కప్పుకి స్తంభాలే లేచాయి, రేకులు రావాలి. ఈ మనిషి వెనక్కి తిరిగితే వెనకున్న కార్లన్నీ తిరుగుతాయి.

ఆయన ఆ చక్రాన్ని అటొకసారి ఇటొకసారి చూశాడు. ముఖం విప్పారింది.

"ఓహో! డూప్ అన్నమాట."

"ఆఁ?"

"అర్థమైందండీ టీచర్ గారూ. మా హీరోగారు మాత్రం మేడ మీంచి దూకుతారా? ఒరేయ్, కాయ ఇటివ్వండి."

డూప్ మీద కొబ్బరికాయ పగిలింది. హారతి వెలిగింది. తరవాత ఆయన కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, లోపలికి వెళ్లి, చంటిబిడ్డని ఎత్తుకున్నంత జాగ్రత్తగా బగ్గీ నెట్టాడు. ఆవిడ ఆయన్ని అక్కడితో వదల్లేదు. కచ్చురమూ నెట్టించింది, నీళ్లబండీ నెట్టించింది. ఆయన వెనక ఉన్నవాళ్లందరూ అదే చేశారు. ఒక్కరూ ఇదేంటని అడగలేదు. ఇంకే ఊళ్లోనైనా గొడవయ్యేది. మా దగ్గర ఆ లెక్క అందరికీ పుట్టుకతో తెలుసు.

జనం వెళ్లాక ఆవిడ అడిగింది. "డూప్ అంటే ఏంది బిడ్డా?"

చెప్పాను. హీరో బదులు దూకేవాడు, పడేవాడు, మంటల్లోంచి పరిగెత్తేవాడు.

"దెబ్బలు ఆయనకు, ఈలలు ఈయనకా?"

"అంతేనండీ."

సుద్దముక్క సంచిలో వేసుకుని నా వైపు తిరిగింది. "నీ సంగతి గూడ గదేనా?"

"నాకు దెబ్బలు తగలవు కదండీ" అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

రేకులు వచ్చాయి. మొదటి వాన పడేనాటికి మూడు బండ్లూ ఒకే కప్పు కింద ఉన్నాయి. మేస్త్రీతో పోట్లాడి గేటు పక్క రాళ్ల మీదికి కూడా రెండు రేకులు పొడిగించింది. సెట్టు చక్రానికి నీడెందుకమ్మా అన్నాడతను. "దెబ్బలన్నీ తిన్నదదే. తడవాల్సింది గూడ అదేనా?" అంది.

ప్రారంభం రోజు షామియానా కింద సినిమా వాళ్లూ షేక్‌పేట జనమూ కిక్కిరిసి కూర్చున్నారు. దండలయ్యాయి, పొగడ్తలయ్యాయి. ఆవిడ మైకు అందుకుని, "అందరు జర కండ్లు మూసుకోండ్రి" అంది. టీచరు మాట, హీరోలు కూడా మూసుకున్నారు. నన్ను లాక్కొచ్చి మైకు ముందు నిలబెట్టింది. "ఏమన్న మాట్లాడు."

నాకు మాటలు ఎప్పుడూ కాగితం మీద రాసిస్తారు. ఆ రోజు ఎవరూ ఇవ్వలేదు. "మూడు బండ్లూ ఇంక తడవవు. అందరికీ దణ్ణాలు" అన్నాను. జనంలో కలకలం. ఎవరో హీరోయిన్ పేరు పెట్టి కేక వేశారు, ఈలలు పడ్డాయి.

"ఇగ కండ్లు తెరువుండ్రి. గీ గొంతు ఈమెది" అని నా పేరు చెప్పింది. వెనకవాళ్లకి వినపడలేదేమోనని రెండోసారి చెప్పింది. ఎన్నో సినిమాలు, ఎందరి పెదాలకో మాటలు అందించాను. నా పేరు మైకులో వినడం అదే మొదటిసారి. స్తంభం చాటుకి వెళ్లి ఏడ్చాను.

అయిదారేళ్లు ఆవిడ అలాగే వచ్చింది, గొడుగూ సంచీ సుద్దముక్కా. తరవాత మోకాళ్లు మొరాయించాయి. నాకూ పని పెరిగింది. ఫిలింనగర్లో పేల్చడానికి బండలు కూడా మిగల్లేదు.

కబురు తెలిసిన మర్నాడు మ్యూజియానికి వెళ్లాను. ముందురోజు గాలివానకి కచ్చురం మీద రేకు ఒకటి చిరిగి వేలాడుతోంది. కొత్త కాపలాదారు కింద బకెట్టు పెట్టాడు. "కమిటీల పైసల్లేవట మేడం" అన్నాడు. చక్రాల మీద సుద్దగీతలు పైనే ఉన్నాయి, అరిగిపోయి. ఆవిడ మంచం పట్టాక ఎవరూ తిప్పలేదన్నమాట. గేటు పక్కన డూప్ చక్రానికి మాత్రం పసుపు పచ్చగా ఉంది. ఎవరో పోయిన గురువారమే వచ్చి వెళ్లినట్టున్నారు.

చేతులు కడుక్కున్నాను, అతని చేత కడిగించాను. ఇద్దరం కలిసి మూడు బండ్లూ నెట్టాం. గీయడానికి సుద్ద లేదు. నేల మీది పెంకుముక్కతో గీశాను.

ఆ మర్నాడు గురువారం. శుక్రవారం సినిమా విడుదలవుతున్న ఒక కుర్ర నిర్మాతకి థియేటర్ నుంచే ఫోను చేశాను.

"హలో, ఎవరండీ? మీ గొంతు ఎక్కడో విన్నట్టుంది."

నా పేరు చెప్పాను. అర్థం కాలేదేమో, రెండోసారి కూడా చెప్పాను. షేక్‌పేటలో మూడు బండ్లున్నాయని, ఒక రేకు చిరిగిందని, సాయంత్రంలోగా రమ్మని చెప్పాను.

"ఆ చక్రం దగ్గరికేనా? తప్పకుండా వస్తానండీ. ఏం తీసుకురమ్మంటారు? కొబ్బరికాయలా, పూలా?"

"ఏం వద్దు బాబూ. వచ్చాక ముందు చేతులు కడుక్కో."